పేరమ్మ రెండుసార్లు వచ్చింది

రాజమండ్రి నుంచి వచ్చే బండి గంట ఆలస్యమని మైకులో చెప్పగానే కొండలమ్మ తలెత్తి సంపూర్ణమ్మ వైపు చూసింది. అదేదో ఆమె చేతిలో ఉన్న పనే అన్నట్టు, ఆమె లేచి ఒక మాట అంటే బండి త్వరగా వచ్చేస్తుందన్నట్టు చూసింది. ముప్పై ఏళ్ళుగా ఎందరో తనని అలాగే చూశారు. కోర్టు వరండాల్లో, సబ్ జైలు గేటు దగ్గర, ఇంటి వెనక వసారాలో. ఇదివరకైతే ఆ చూపుకి లోపల ఎక్కడో కాస్త సంతోషంగా ఉండేది. ఇప్పుడు సంపూర్ణమ్మ కళ్ళు తిప్పుకుని ఎదురుగా ఉన్న మూటలకేసి చూసింది. దివిసీమకి పంపే దుప్పట్లు, గిన్నెలు గోనెల్లో కుట్టి ప్లాట్‌ఫారం పొడవునా గుట్టలు పోశారు. ఉప్పెన వచ్చి నెల కాలేదు. ఒక గోనె పిగిలి ఎర్రటి రగ్గు అంచు బయటికొచ్చింది. ఎవరిదో పెళ్ళినాటి రగ్గు అయి ఉంటుంది, ఇంకా కొత్తగానే ఉంది, ఇప్పుడు ఎవరి మీదికి పోతుందో. కొండలమ్మ బల్లకి ఆ చివర, తను ఈ చివర కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటుంది. బతికుంటే కొండలమ్మ తల్లి పేరమ్మ అక్కడ కూర్చునేది. కాదు, కూర్చునేది కాదు. ఎంత చెప్పినా బల్ల మీద కూర్చునేది కాదు, కింద గచ్చు మీద చతికిలబడి, చీర కొంగు మోకాళ్ళ మీదికి లాక్కుని, "నాకిదే బాగుంటదండి" అనేది.

కొండలమ్మ అన్న నాగులు వస్తున్నాడు. ఎల్లారావుని చంపింది వాడు కాదని హైకోర్టు చెప్పింది. పొద్దున జైల్లోంచి వదిలారని జూనియరు తిరుపతిరావు ఫోను చేశాడు. ఒక్కడే బండెక్కి వస్తున్నాడట. దిగాక ఎటు పోతాడో మాత్రం ఎవరికీ తెలియదు. కొల్లేటి ఒడ్డున వాడి ఊరుంది, వల ఉంది, పాడుబడ్డ ఇల్లుంది. ఇక్కడ భవానీపురంలో చెల్లెలు అద్దెకున్న ఒక్క గది ఉంది. ఆ చెల్లెలి ముఖం చూడనని జైల్లోంచి కబురు పెట్టి ఏడాది దాటింది. రెండుసార్లు ములాఖాత్‌కి వెళితే రెండుసార్లూ బయటికి రాలేదట. అయినా కొండలమ్మ పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "నన్ను చూసి మొహం తిప్పుకుంటే మీరే ఏదో ఒకటి చెప్పండమ్మా, మీ మాట కాదనడు" అంది రిక్షా దిగుతూనే. సరేనంది సంపూర్ణమ్మ. ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి గంట సమయం దొరికింది. మాటలు రాకపోవడం ఆమెకి అలవాటు లేని సంగతి.

మాటలతోనే కదా ఇంతదూరం వచ్చింది. మొదటిరోజు నల్లకోటు వేసుకుని కోర్టు హాల్లోకి అడుగు పెడితే, పీఠం మీద ఉన్న జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని, "మీ వకీలు ఎవరమ్మా?" అని అడిగారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె సీనియరు వెంకటకృష్ణారావు గారు లేచి, "ఆవిడే వకీలండి" అన్నారు. అంతే అన్నారు, ఇంకేమీ కలపలేదు. ఆయన దగ్గరే నేర్చుకుంది. సాక్షిని గదమాయించకూడదని, సాక్షి చెప్పేది చివరిదాకా వినాలని, వింటూ ఉంటే అబద్ధమాడేవాడు తనంతట తనే ఎక్కడో ఒకచోట ఆగుతాడని, ఆ ఆగినచోట ప్రశ్న వెయ్యాలని చెప్పేవారు. సాక్షి కంటే ముందు కక్షిదారు మాట వినమనేవారు. "అమ్మాయీ, హైదరాబాదులో అప్పీళ్ళు వాదించేవాళ్ళు మనం రాయించిన సాక్ష్యం చదివి వాదిస్తారు. అందులో ప్రాణం పోసేది మనం. పేరొచ్చేది మాత్రం వాళ్ళకి" అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు చివర ఏముందో ఆయన చనిపోయే ముందు తెలిసింది. ఆస్పత్రి మంచం మీద, మాట ముద్దగా వస్తూ ఉండగా, "కింది కోర్టులో ట్రయళ్ళు చేసేవాళ్ళలో ఒక్కళ్ళనైనా సీనియర్ అడ్వొకేట్ అని పిలుస్తారా అంటావా?" అని అడిగారు. నలభై ఏళ్ళు ఉరితాళ్ళ కింద నుంచి మనుషుల్ని లాక్కొచ్చిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగారు. పిలుస్తారండీ అంది తను. ఆయన్ని పిలవలేదు.

అందుకే హైకోర్టు నుంచి, సీనియర్ అడ్వొకేట్‌గా మీ పేరు అనుకుంటున్నారు, మీకు సమ్మతమేనా అని అడిగినప్పుడు అడిగిన మనిషి మాట పూర్తి చెయ్యకముందే సమ్మతమేనంది. అది ఆయన కోసమేనని ఆ రోజు అనుకుంది. ఆయన కోసం కొంతే. మీ వకీలు ఎవరమ్మా అన్న జడ్జి గారి కోసం, వెనక కిసుక్కుమన్న వాళ్ళ కోసం, ఆడప్లీడరు కదా ఆడవాళ్ళ కేసులు చూసుకుంటుందిలే అన్నవాళ్ళ కోసం మిగతాది. బారు అసోసియేషన్ హాల్లో సన్మానం చేశారు. బంతిపూల దండలు మెడలో బరువుగా ఉన్నాయి, పూలలోంచి నీళ్ళు కారి కొత్త గౌను తడిసింది. ఆ కొత్త గౌను వేరే రకం, భుజాల దగ్గర వేరే కుట్టు. ఇంటికొచ్చి అద్దం ముందు మళ్ళీ వేసుకుని చూసుకుంది. యాభై ఆరేళ్ళ మనిషి, తలుపు గడియ పెట్టుకుని మరీ చూసుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. బాగున్నానని కూడా అనుకుంది.

టీ స్టాలు దగ్గర రత్తయ్య ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గుమాస్తాగా పాతికేళ్ళు తనతోనే ఉన్నాడు. కొత్త పేరొచ్చిన మర్నాడు పొద్దున్నే బీరువా ముందు నిలబడి, "మరి వకాలత్తులు ఇంక మనం దాఖలు చెయ్యకూడదంటున్నారండీ, నిజమేనాండీ?" అని అడిగాడు. నిజమే. సీనియరు వకాలత్తు వెయ్యకూడదు, కక్షిదారు దగ్గర నేరుగా కేసు తీసుకోకూడదు, ఒక జూనియరు కేసు పట్టుకొస్తే అతనితో కలిసి వచ్చి వాదించాలి. "అయితే నేనేం చెయ్యనండీ?" అనలేదు రత్తయ్య. "మంచిదేనండి, మీకు శ్రమ తగ్గుద్ది" అన్నాడు. వెనక వసారాలో బల్లలు తీసేయించాడు. ఆ వసారాలో పొద్దున ఆరింటికే జనం ఉండేవాళ్ళు. కైకలూరు నుంచి, మండవల్లి నుంచి, కొండపల్లి నుంచి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళయితే వంటింట్లోకే వచ్చేసేవాళ్ళు. తను చిక్కుడుకాయలు వలుస్తూ వినేది. వాళ్ళూ నాలుగు కాయలు అందుకుని వలుస్తూ చెప్పేవాళ్ళు. చేతులకి పని ఉంటే నోరు తేలిగ్గా విప్పుతారు. మొదట కేసు గురించి చెప్పేవాళ్ళు కాదు, వర్షాల గురించీ, కోడలి గురించీ చెప్పేవాళ్ళు, ఎక్కడో మధ్యలో అసలు సంగతి వచ్చేది, అదీ వేరేవాళ్ళ ఇంట్లో జరిగినట్టు. తను తలెత్తి చూసేది కాదు. అలా విన్న మాటల్లోంచే ఎన్నో కేసులు గెలిచింది. దాన్ని హైదరాబాదులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రావీణ్యం అన్నారు.

పేరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వర్షం పడుతోంది. వసారా ఖాళీగా ఉండడం చూసి తెల్లబోయింది. చేతిలో ఆకులో చుట్టిన చేపలున్నాయి. కొడుకు మీద హత్య కేసు. చెరువు కట్ట దగ్గర రెండు ఊళ్ళ మధ్య గొడవల్లో ఎల్లారావు చచ్చిపోయాడు. రాత్రిపూట నాగులు పోటు పొడవగా చూశామని ఇద్దరు చెప్పారు. తిరుపతిరావు వకాలత్తు వేశాడు, సీనియరుగా తనను పెట్టుకున్నాడు. అంతా పద్ధతిగానే ఉంది. "లాయరమ్మగారండీ, తమరితో ఒక మాట సెప్పాలండి" అంది పేరమ్మ. తిరుపతిరావు పక్కనే కాగితాలు సర్దుతున్నాడు. మంచి కుర్రాడే, పాపం, పాతికేళ్ళుంటాయి.

"చెప్పు పేరమ్మా."

"తమరితోనేనండి."

"అలా కాదమ్మా. ఇప్పుడు నేను మీ దగ్గర నేరుగా విషయాలు వినకూడదు. ఏదున్నా తిరుపతిరావు గారికి చెప్పు, ఆయన నాకు చెబుతారు."

పేరమ్మ తిరుపతిరావు కేసి చూసింది, మళ్ళీ తనకేసి చూసింది. "మగోళ్ళతో సెప్పేది కాదండి" అని అంటే సరిపోయేది. ఎందుకనలేదో! అది అనడం కూడా సగం చెప్పడమే కదా, అందుకని. తను మాత్రం ఎందుకడగలేదు? తిరుపతిరావుని కాసేపు బయటికి పంపితే ఏమయ్యేది? రూలు. ఎవరైనా చూస్తారు. పదవి వచ్చి నెల తిరగకుండానే ఆడది రూలు తప్పిందని, ఇందుకే వీళ్ళకివ్వకూడదని బారులో అంటారు. అలా అనడానికి కాచుక్కూర్చున్న వాళ్ళు నలుగురు ఆమెకి పేరు పేరునా తెలుసు. పేరమ్మ చేపలు అక్కడ పెట్టి, వర్షంలోనే వెళ్ళిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు తను లోపలే ఉంది. కిటికీలోంచి చూసింది కూడా. కొండలమ్మ గేటు బయట నిలబడి ఉంది, పేరమ్మ గేటు పట్టుకుని రత్తయ్యతో మాట్లాడుతోంది. "అమ్మగారు ఇప్పుడు పార్టీల్ని కలవరమ్మా, తిరుపతిరావు గారి ఆఫీసుకెళ్ళు" అంటున్నాడు రత్తయ్య. తనే అలా చెప్పమంది. పేరమ్మ గేటు వదిలి చాలాసేపు నిలబడింది. కొండలమ్మ ఏదో అంది. తల్లి తల అడ్డంగా ఊపింది. అప్పుడు తను సాక్షుల వాంగ్మూలాలు చదువుకుంటోంది, నాగుల్ని కాపాడడానికే చదువుకుంటోంది, చదువుకి భంగం కలగకూడదని కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

ఆ ట్రయలులో ఎంత బాగా చేసింది! అదే దుఃఖం. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి సాక్షిని ఒక పూటంతా నిలబెట్టింది. వెన్నెల లేదని వాడిచేతే చెప్పించింది, లాంతరు లేదని చెప్పించింది. పక్క కోర్టుల్లోంచి కుర్ర లాయర్లు వచ్చి గోడవారగా నిలబడి విన్నారు. వాళ్ళు వింటున్నారని తనకి తెలుసు. రెండోవాడు మాత్రం కదల్లేదు. నాగుల్ని చిన్నప్పటినుంచీ ఎరుగుదును, నడక చూసి గుర్తుపట్టాను అన్నాడు. ఇక మిగిలింది ఆ రాత్రి నాగులు ఎక్కడున్నాడన్న ప్రశ్న. జడ్జి గారు అడిగితే ఇంట్లోనే పడుకున్నానన్నాడు నాగులు. ఇంట్లో దీపం లేదని, తలుపు తాళం వేసి ఉందని పొరుగువాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. వాడు అబద్ధమాడుతున్నాడని తనకి ఆ క్షణానే తెలిసింది. ఎక్కడ ఆగాడో కూడా తెలిసింది. కానీ వాడు తన మనిషి, అడగడానికి వీల్లేని మనిషి. యావజ్జీవం పడింది. పోలీసులు వాడిని తీసుకుపోతుంటే పేరమ్మ కొడుకు వెంట పరుగెత్తలేదు. వచ్చి తన కొత్త గౌను అంచు పట్టుకుంది. జనం మధ్యలో, చెవిలో చెప్పింది. ఆ రాత్రి వాడు ఊళ్ళో లేడండి. పెళ్ళికాని పిల్ల, కడుపు పోయి రక్తం కట్టలు తెంచుకుంటుంటే పడవలో పడుకోబెట్టుకుని కొల్లేరు దాటించి ఏలూరు మిషనాస్పత్రికి తీసుకెళ్ళాడండి. తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. చెల్లికి వాడి రక్తమే ఎక్కించారు. ఈ మాట నోరు జారితే చచ్చిపోతానని నాచేత ఒట్టేయించుకున్నాడండి. తమరికైతే ఆడమనిషి కదా, సెప్పి దణ్ణం పెడదామనుకున్నానండి. అంతే. ఎందుకు విన్లేదని అడగలేదు. వచ్చానని కూడా అనలేదు.

ఒక గూడ్సు బండి వచ్చింది, ఎంతసేపటికీ తరగలేదు. బొగ్గు నుసి గాలిలో లేచింది. కొండలమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఈ పిల్ల, ఇంత చిన్న పిల్ల, అదే కోర్టులో బోనెక్కి చెప్పింది. హైకోర్టు కొత్త సాక్ష్యం తీసుకోమన్నాక, అదే జనం ముందు, ఎవరి ముఖమూ చూడకుండా మొత్తం చెప్పింది. ఏలూరు నుంచి నర్సు మార్త వచ్చి, ఈ మనిషే, ఈ చేతిలోంచే రక్తం తీశానని నాగుల్ని చూపించింది. అవతలి ప్లీడరు కొండలమ్మని అడగకూడనివన్నీ అడిగాడు. ఆ మనిషి పేరేమిటి, ఎన్నిసార్లు, ఎక్కడ అని అడిగాడు. తను లేచి అభ్యంతరం చెబుతూనే ఉంది. కొండలమ్మ మాత్రం అన్నిటికీ జవాబు చెప్పింది. బోనులో నిలబడ్డ నాగులు చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాతే చెల్లెల్ని చూడనన్నాడు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఊళ్ళో ఉండలేక తల్లీకూతుళ్ళు భవానీపురం వచ్చేశారు. కొండలమ్మ ఒక నర్సింగ్ హోములో ఆయాగా చేరింది. ఆ మాటే మొదట వంటింట్లో నాలుగు చిక్కుడుకాయల మధ్య తన చెవిన పడి ఉంటే, మార్తని తను ముందే వెళ్ళి కలిసేది, తలుపులు వేయించి రహస్యంగా సాక్ష్యం తీసుకొమ్మని జడ్జి గారిని అడిగేది, ఎన్నో దారులుండేవి. మొదట్లో ఉన్న దారులు శిక్ష పడ్డాక ఉండవు. మొదటిసారి ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది, దానికి జవాబు నలుగురి ముందూ చెప్పాలి.

పేరమ్మ మొన్న ఎండాకాలంలో పోయింది. జ్వరమన్నారు. తను చూడ్డానికి వెళితే, కృష్ణ ఒడ్డునున్న ఆ గదిలో, చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి చూపించింది. "హైదరాబాదోళ్ళు పెద్ద పట్టా ఇచ్చిన లాయరమ్మ, మనింటికొచ్చింది సూడండి" అంది. ఆ గర్వం నిజమైనదే. సంపూర్ణమ్మ అప్పుడు చెబుదామనుకుంది. ఏమని? క్షమించమనా? పేరమ్మ చెయ్యి పట్టుకుని, "అప్పీలు గెలుస్తాం" అంది. అది చెప్పడం తేలిక.

బండి వచ్చింది. జనం ఒక్కసారిగా లేచారు. కొండలమ్మ లేవలేదు, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. దుప్పటి మూటల అవతల నుంచి నాగులు నడిచివచ్చాడు. జుట్టు కురచగా ఉంది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. చంకలో చిన్న గుడ్డసంచి. ముందు సంపూర్ణమ్మని చూశాడు, చేతులు జోడించాడు. ఆమె నోరు తెరవబోయింది, ఇదిగో నీ చెల్లెలు, నీ ప్రాణం నిలబెట్టింది ఇదే, అని. అవసరం రాలేదు. నాగులు చెల్లెలి ముందుకెళ్ళి నిలబడ్డాడు. సంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు. తర్వాత, "ఇంత సన్నబడ్డావేంటే?" అన్నాడు. కొండలమ్మ ఏడవడం మొదలుపెట్టింది. వాడు ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"అమ్మని ఎక్కడ పెట్టారు?"

"అక్కడే అన్నయ్యా, భవానీపురం ఇసకలో."

"పద. ముందు అక్కడికే."

రత్తయ్య సంచి అందుకోబోతే ఇవ్వలేదు. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. సంపూర్ణమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"తమరు లేకపోతే నేను లేనండి. మా అమ్మ ముందే తమరికి చెప్పుంటే ఇంతదూరం వచ్చేది కాదు. ములాఖాత్‌లో నాతో అంది. లాయరమ్మగారి గుమ్మం దాకా వెళ్ళాన్రా, నోరు పెగల్లేదు, వెనక్కొచ్చేశాను అని. పిరికిదండి మా అమ్మ."

జైల్లో ఉన్నవాడికి లాయరు మీద నమ్మకం పోకూడదని, నమ్మకం పోతే లోపల బతకలేడని, పేరమ్మ ఆ తప్పు తన మీదే వేసుకుంది. చచ్చిపోయేదాకా దింపుకోలేదు. పిరికిది కాదు నాగులూ. రెండుసార్లు వచ్చింది. మాటలు ఎదురుగానే ఉన్నాయి, వరసలోనే ఉన్నాయి. ఆమె కొండలమ్మ వైపు చూసింది. గేటు బయట తల్లి పక్కన నిలబడిన పిల్ల. అంతా చూసిన పిల్ల. కొండలమ్మ కళ్ళు తుడుచుకుని ఆమెకేసే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కాస్త ఎదురుచూడడం ఉంది. సంపూర్ణమ్మ ఊపిరి తీసుకుంది.

"మీ అమ్మ..." అంది.

"చెప్పండమ్మా."

"మంచి మనిషి."

కొండలమ్మ చూపు దించుకుంది. "పద అన్నయ్యా, పొద్దు పోతోంది" అంది. అన్నాచెల్లెళ్ళు జనంలో పడి నడిచిపోయారు. మెట్ల దగ్గర వాడు చెల్లెలి కోసం ఆగడం, ఇద్దరూ కలిసి ఎక్కడం కనిపించింది, ఆ తర్వాత కనిపించలేదు.

"ఇంటికేనాండీ?" అన్నాడు రత్తయ్య.

రేపు భవానీపురం వెళ్ళి చెబుతాను అనుకుంది సంపూర్ణమ్మ. రేపు కుదరదు, కోర్టుంది. ఎల్లుండి. లేకపోతే ఆదివారం పొద్దున్నే, ఇద్దరూ ఇంట్లో ఉంటారు. అలా రోజులు వెతుక్కుంటూనే, ఏ రోజూ వెళ్ళనని ఆమెకి తెలిసిపోయింది. "ఇంటికే" అంది.